కౌంటీల వారీగా స్టే ఎట్ హోమ్ ఉత్తర్వుల మ్యాపు తప్పుల్లేకుండా తయారుచేయడం ఎలా?

అమెరికాలో పబ్లిక్ హెల్త్, డేటా అనలిటిక్స్ వంటి కోర్సులు చదువుతున్న మన విద్యార్థుల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది: కోవిడ్ మొదలైన 2020 మార్చి నుంచి మే వరకు ఏ కౌంటీలో (మన జిల్లా వంటిది) ఏ రోజున స్టే ఎట్ హోమ్ ఉత్తర్వు, అంటే ఇళ్లలోనే ఉండమన్న ఆదేశం, అమల్లో ఉందో చూపించే మ్యాపు ఎలా తయారుచేయాలి? అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక మ్యాపు తయారుచేసుకుని, సరిచూడమని పంపిస్తారు. చూడటానికి అది బాగానే ఉంటుంది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ మీద క్లిక్ చేస్తే మాత్రం ఉత్తర్వు మొదలైన తేదీ మార్చి 19 అని కనిపిస్తుంది. నిజానికి శాంటా క్లారాతో పాటు శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ మటేయో, అలమీడా, కాంట్రా కోస్టా, మరిన్ కౌంటీలు మార్చి 16నే ఉత్తర్వు జారీచేశాయి. ఆ రాత్రి 12 గంటలు దాటిన ఒక నిమిషానికి, అంటే మార్చి 17న, అది అమల్లోకి వచ్చింది. మార్చి 19 అనేది గవర్నర్ గావిన్ న్యూసమ్ రాష్ట్రమంతటికీ ఉత్తర్వు ఇచ్చిన తేదీ. రాష్ట్రం తేదీని తీసుకుని 58 కౌంటీలకూ ఒకే పూత పూయడం వల్ల వచ్చిన తప్పు ఇది.

మ్యాపు గీయడం ఒక పూట పని. దాని వెనక ఉండే పట్టికను నమ్మదగినట్టుగా కూర్చడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ భాగం పట్టిక గురించే ఉంటుంది.

ఒక్క విషయం ముందుగా గుర్తుంచుకోండి. మన దేశంలో 2020 మార్చి 25న లాక్‌డౌన్ ఒకే ప్రకటనతో దేశమంతటా మొదలైంది. అమెరికాలో అటువంటి దేశవ్యాప్త ఉత్తర్వు ఏనాడూ రాలేదు. గవర్నర్లు, కౌంటీ ఆరోగ్యాధికారులు, కౌంటీ పాలకులు, నగర మేయర్లు, ఆదివాసీ ప్రభుత్వాలు ఎవరి పరిధిలో వారు ఉత్తర్వులు ఇచ్చారు. ఒకే ఇంటికి మూడు ఉత్తర్వులు వర్తించిన రోజులు ఉన్నాయి, ఒక్కటి కూడా వర్తించని రోజులూ ఉన్నాయి.

కావలసినవి

మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రోజుల వారీగా మ్యాపు కదలాలనుకుంటే 3.14 గాని, ఆ తర్వాతి వెర్షన్ గాని తీసుకోండి, ఎందుకంటే టెంపోరల్ కంట్రోలర్ అందులోనే మొదటిసారి వచ్చింది. దానితో పాటు ఏదో ఒక స్ప్రెడ్‌షీట్, సెన్సస్ బ్యూరో వారి కౌంటీ సరిహద్దుల ఫైలు, ఉత్తర్వుల అసలు పాఠాలు కావాలి. కౌంటీల వెబ్‌సైట్లు కొత్త ఉత్తర్వు రాగానే పాతదాన్ని తీసేసిన సందర్భాలు చాలా ఉన్నాయి కనుక, పాత పేజీల కోసం ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ తప్పనిసరి అవుతుంది. నగర ఉత్తర్వుల లెక్కకు మిస్సోరీ సెన్సస్ డేటా సెంటర్ వారి జియోకార్ అనే ఉచిత సాధనం ఉపయోగపడుతుంది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ విడుదల చేసిన కౌంటీల వారీ, రోజుల వారీ డేటా కూడా దింపుకోండి, కాని దాన్ని పోల్చి చూసుకోవడానికే వాడండి. పేరులో కౌంటీ అన్న మాట ఉన్నా, అందులో నమోదైనవి రాష్ట్రాల, టెరిటరీల (ప్యూర్టో రికో వంటి, రాష్ట్రాలు కాని అమెరికా ప్రాంతాల) ఉత్తర్వులు మాత్రమే. ప్రతి కౌంటీకి ఎదురుగా ఆ రాష్ట్రం ఉత్తర్వు ఉంటుంది. కౌంటీ తనంతట తాను ఇచ్చిన ఉత్తర్వు అందులో కనిపించదు. పై శాంటా క్లారా తప్పు చాలామందికి ఇక్కడి నుంచే వస్తుందని నా అనుమానం.

1. నిర్వచనం కాగితం మీద రాసుకోండి

దేనిని స్టే ఎట్ హోమ్ ఉత్తర్వుగా లెక్కిస్తారో, దేనిని లెక్కించరో మొదటి రోజే రాసుకోండి. పేర్లను బట్టి పోవద్దు. బే ఏరియాలో, అంటే పైన చెప్పిన శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల కౌంటీల్లో, దాన్ని షెల్టర్ ఇన్ ప్లేస్ అన్నారు, విస్కాన్సిన్‌లో సేఫర్ ఎట్ హోమ్ అన్నారు, న్యూయార్క్‌లో పాజ్ అన్నారు. టెక్సస్ గవర్నర్ మార్చి 31న ఇచ్చిన ఉత్తర్వుకు ఆ పేరు పెట్టడానికే ఇష్టపడలేదు, అయినా ఆచరణలో అది జనాన్ని ఇళ్లలో ఉండమన్న ఉత్తర్వే.

పేరును వదిలి, పాఠంలోని క్రియలను చూడండి. ఉండవలెను, ఆదేశించడమైనది అన్న అర్థం వచ్చే క్రియలున్నాయా, లేక కోరుతున్నాం, ప్రోత్సహిస్తున్నాం అన్న క్రియలున్నాయా? ఉల్లంఘిస్తే శిక్ష ఏమిటో చెప్పే పేరా ఉందా? టెనెసీలో మార్చి 30న గవర్నర్ ఇచ్చిన ఉత్తర్వు ప్రజలను ఇళ్లలో ఉండమని గట్టిగా కోరింది. ఏప్రిల్ 2న వచ్చిన సవరణ దాన్ని తప్పనిసరి చేసింది. ఈ రెంటినీ ఒకటిగా చూపించే మ్యాపులో టెనెసీ తేదీ తప్పవుతుంది. మసాచుసెట్స్‌లో అత్యవసరం కాని వ్యాపారాలను మూసివేయడం తప్పనిసరి, ప్రజలు ఇళ్లలో ఉండటం మాత్రం సలహా. ఒకరి జాబితాలో మసాచుసెట్స్ ఉండి, మరొకరి జాబితాలో లేకపోవడానికి కారణం ఇదే. ఎవరూ తప్పు కాదు, నిర్వచనాలు వేరు.

నా సలహా ఏమిటంటే అవును, కాదు అన్న రెండే విలువలతో సరిపెట్టవద్దు. నాలుగు విలువలు పెట్టుకోండి: అందరికీ తప్పనిసరి, వృద్ధులు, అనారోగ్యం ఉన్నవారు వంటి కొన్ని వర్గాలకే వర్తించేది, సలహా మాత్రమే, ఏదీ లేదు. ఓక్లహోమా రాష్ట్ర ఉత్తర్వు రెండో రకానికి మంచి ఉదాహరణ.

2. సరైన సంవత్సరపు సరిహద్దుల ఫైలు తీసుకోండి

ఇక్కడ చాలామంది అలవాటుగా అన్నిటికన్నా కొత్త ఫైలు దింపుకుంటారు. వద్దు. 2019 గాని, 2020 గాని సంవత్సరానికి చెందిన ఫైలే తీసుకోండి. 2022 నుంచి సెన్సస్ బ్యూరో కనెక్టికట్‌లోని 8 కౌంటీల స్థానంలో 9 ప్లానింగ్ రీజియన్లను చూపిస్తోంది, వాటి గుర్తింపు కోడ్‌లు కూడా మారిపోయాయి. కొత్త ఫైలు మీద 2020 నాటి పట్టిక కలిపితే కనెక్టికట్ మొత్తం ఖాళీగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక పాత జిల్లాల లెక్కలను కొత్త మ్యాపు మీద పెట్టబోయి ఇబ్బంది పడినవారికి ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

2019 ఫైలులో 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ కలిపి 3,142 కౌంటీలు, వాటితో సమానమైన ప్రాంతాలు ఉంటాయి. ప్యూర్టో రికో, గ్వామ్ వగైరా టెరిటరీలవి మరో 91 కలిస్తే 3,233 అవుతాయి. 2020 ఫైలులో అలాస్కాలోని వాల్డెజ్-కార్డోవా రెండుగా చీలినందువల్ల 50 రాష్ట్రాలు, డీసీల సంఖ్య 3,143 అయింది. మీరు ఏ ఫైలు తీసుకున్నారో, అందులో ఎన్ని వరుసలున్నాయో రాసి పెట్టుకోండి, చివర్లో ఆ సంఖ్యతో పని ఉంటుంది.

సరిహద్దుల ఫైళ్లు మూడు స్కేళ్లలో దొరుకుతాయి. దేశమంతా ఒకే పేజీలో చూపించడానికి 2 కోట్లకు 1 స్కేలు సరిపోతుంది. వర్జీనియాలోని చిన్న నగరాలను కూడా చూపించాలంటే 5 లక్షలకు 1 స్కేలు తీసుకోండి.

3. పట్టికలో కౌంటీకి ఒక వరుస కాదు, ఉత్తర్వుకు ఒక వరుస

ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఈ మాట గుర్తుంచుకోండి. కౌంటీకి ఒక వరుస పెట్టి, పక్కన మొదలైన తేదీ, ముగిసిన తేదీ అని రెండు కాలమ్‌లు పెడితే, రెండో ఉత్తర్వు రాగానే మొదటిదాన్ని చెరిపి రాయాల్సి వస్తుంది. చెరిపిన తర్వాత ఏది ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలియదు.

ప్రతి వరుసలో ఉండవలసినవి: ఉత్తర్వుకు మీరిచ్చిన నంబరు, జారీచేసినవారి స్థాయి అంటే రాష్ట్రమా, కౌంటీయా, నగరమా, ఆదివాసీ ప్రభుత్వమా అన్నది, వర్తించే ప్రాంతం, దాని కోడ్, జారీ తేదీ, అమల్లోకి వచ్చిన తేదీ, గంట, పాఠంలో రాసిన ముగింపు తేదీ, నిజంగా ముగిసిన తేదీ, ఎలా ముగిసింది, 1వ మెట్టులోని నాలుగు విలువల్లో ఏది, కౌంటీ మొత్తానికా కొంత భాగానికా, అసలు పాఠం లింకు, ఆర్కైవ్ లింకు, మీరు చూసిన రోజు. చివర్లో ఒక గమనిక కాలమ్ వదలండి. అనుమానం వచ్చిన ప్రతిచోటా అందులో ఒక వాక్యం రాయండి, నెల తర్వాత మీరు రాసినదాన్ని మీరే మెచ్చుకుంటారు.

పొడిగింపు కూడా కొత్త ఉత్తర్వే. బే ఏరియా మొదటి ఉత్తర్వు ఏప్రిల్ 7 వరకు అని రాసి ఉంది. కాని మార్చి 31న దాని స్థానంలో మరింత కట్టుదిట్టమైన ఉత్తర్వు వచ్చి మే 3 వరకు అంది, ఆ తర్వాతిది మే 31 వరకు అంది. కనుక మొదటి వరుసలో రాసిన ముగింపు ఏప్రిల్ 7, నిజమైన ముగింపు మార్చి 31, ముగిసిన తీరు మరొకటి రావడం.

4. వార్తను కాదు, ఉత్తర్వును చదవండి

వార్తాపత్రికల జాబితాలు, కౌంటీల జాతీయ సంఘం జాబితా వంటివి ఎక్కడ వెతకాలో చెప్పడానికి మంచివి. తేదీని మాత్రం వాటి నుంచి తీసుకోవద్దు. వార్తలో ఉండేది ఎక్కువగా ప్రకటించిన తేదీ, మీకు కావలసింది అమల్లోకి వచ్చిన తేదీ.

పాఠం చదివేటప్పుడు పరిధి గురించిన పేరాను రెండుసార్లు చదవండి. కొన్ని కౌంటీల ఉత్తర్వులు ఏ నగర పాలనలోనూ లేని ప్రాంతానికే వర్తిస్తాయి. కొన్నిచోట్ల నగరానికి సొంత ఆరోగ్యశాఖ ఉంటుంది: అలమీడా కౌంటీలో ఉన్న బర్క్‌లీ నగరం తన ఉత్తర్వును తానే జారీచేసింది, లాస్ ఏంజెలెస్ కౌంటీలోని లాంగ్ బీచ్, పాసడీనా నగరాలకూ సొంత ఆరోగ్యశాఖలున్నాయి. అలమీడాను మ్యాపులో మొత్తంగా నింపవచ్చు, కాని పట్టికలో రెండు వరుసలు ఉండాలి.

టెక్సస్ ఉత్తర్వుల కింద కౌంటీ జడ్జి సంతకం కనిపించగానే అది కోర్టు తీర్పు అనుకోవద్దు. అక్కడ కౌంటీ జడ్జి అంటే కౌంటీ పాలకమండలికి అధ్యక్షత వహించే ఎన్నికైన అధికారి. ఒక విద్యార్థి పంపిన పట్టికలో టెక్సస్ ఉత్తర్వులన్నీ ముగిసిన తీరు అనే కాలమ్‌లో కోర్టు ద్వారా అని పడి ఉండటం చూసి, ఈ మాట చెప్పక తప్పదనిపించింది.

అదే టెక్సస్ నుంచి ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో నగరం కొంత కాలిన్ కౌంటీలోను, కొంత డెంటన్ కౌంటీలోను ఉంది. డాలస్ కౌంటీ ఉత్తర్వు మార్చి 23 రాత్రి 11:59కి మొదలైంది. అది ఫ్రిస్కోకు వర్తించదు, డాలస్ ప్రాంతం అని వాడుకలో అన్నంత మాత్రాన డాలస్ కౌంటీ కాదు. కాలిన్ కౌంటీ మార్చి 24న ఉత్తర్వు ఇచ్చింది: ప్రజలు ఇళ్లలో ఉండాలంది, కాని వ్యాపారాలన్నీ అత్యవసరమైనవే కనుక తెరిచి ఉండవచ్చంది. డెంటన్ కౌంటీ ఆ వారంలోనే తన ఉత్తర్వు వేరుగా ఇచ్చింది. ఒకే నగరంలో, ఒకే స్కూలుకు పిల్లలను పంపే రెండు ఇళ్లకు నియమాలు వేరు. ఇటువంటి చోట ప్రజలకు వర్తించే నియమం ఒక కాలమ్‌లో, వ్యాపారాలకు వర్తించే నియమం ఇంకో కాలమ్‌లో పెట్టకపోతే కాలిన్‌ను ఏ రంగులో వేసినా తప్పే అవుతుంది. కౌంటీని పిన్‌కోడ్‌ను బట్టి, అంటే అక్కడి జిప్ కోడ్‌ను బట్టి, నిర్ణయించవద్దు. జిప్ కోడ్‌లు కౌంటీ గీతలను ఖాతరు చేయవు.

5. నగర ఉత్తర్వులతో కౌంటీని నింపేయవద్దు

అట్లాంటా మేయర్ ఉత్తర్వు మార్చి 24న మొదలైంది. జార్జియా రాష్ట్ర ఉత్తర్వు ఏప్రిల్ 3 సాయంత్రం 6 గంటలకు వచ్చింది. ఆ మధ్య రోజుల్లో అట్లాంటా ఉన్న ఫుల్టన్, డికాల్బ్ కౌంటీలను ఎలా చూపిస్తారు? రెండు కౌంటీలూ నగరంతో పూర్తిగా నిండినవి కావు. ఓక్లహోమా సిటీ అయితే ఏకంగా నాలుగు కౌంటీల్లోకి పాకింది: ఓక్లహోమా, కెనేడియన్, క్లీవ్‌లాండ్, పాటవాటమీ.

మూడు మార్గాలున్నాయి. మొదటిది, కౌంటీని గీతలతో నింపి, కొంత భాగానికి వర్తిస్తుంది అని లెజెండ్‌లో (మ్యాపు పక్కన ఉండే గుర్తుల వివరణలో) రాయడం. రెండోది, నగర సరిహద్దులను వేరే పొరగా పైన వేయడం. పెద్ద మ్యాపుకు ఇదే అన్నిటికన్నా నిజాయితీగా ఉంటుంది. మూడోది, కౌంటీ జనాభాలో ఎంత శాతం ఉత్తర్వు కింద ఉందో జియోకార్‌తో లెక్కించి, 50 శాతం దాటితే నింపడం. మూడోది లెక్కలకు అనుకూలం, కాని 49 శాతం ఉన్న కౌంటీలో లక్షలమంది మాయమైపోతారు. అందువల్ల ఆ శాతాన్ని పట్టికలో తప్పకుండా ఉంచండి, మీ గీత నచ్చనివారు తమ గీత తాము గీసుకుంటారు.

కొన్ని నగరాలు కౌంటీలతో సమానం. సెయింట్ లూయిస్ నగరం కోడ్ 29510, సెయింట్ లూయిస్ కౌంటీ కోడ్ 29189, రెండూ వేర్వేరు. బాల్టిమోర్ నగరం 24510, బాల్టిమోర్ కౌంటీ 24005. వర్జీనియాలో ఇటువంటి నగరాలు 38 ఉన్నాయి, అందులో రిచ్‌మండ్ నగరం 51760, దానికి దూరంగా ఎక్కడో ఉన్న రిచ్‌మండ్ కౌంటీ 51159. న్యూయార్క్ నగరం మాత్రం దీనికి తిరగేసిన వ్యవహారం: అది ఐదు కౌంటీల సముదాయం, వాటిలో స్టాటెన్ ఐలాండ్‌కు అధికారిక పేరు రిచ్‌మండ్ కౌంటీయే. కనుక పట్టికను మ్యాపుతో పేరును బట్టి కలపడం అన్న ఆలోచనే పెట్టుకోవద్దు.

ఆదివాసీ ప్రభుత్వాల ఉత్తర్వులు కౌంటీ చట్రంలో ఇమడవు. నవాహో నేషన్ మార్చి 20న తన ఉత్తర్వు ఇచ్చింది, ఏప్రిల్‌లో వారాంతాల్లో 57 గంటల కర్ఫ్యూలు పెట్టింది. ఆ భూభాగం అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో పరుచుకుని ఉంది. దాన్ని వేరే పొరగానే చూపించండి.

6. గడియారాన్ని తేదీగా మార్చడానికి ఒకే నియమం

ఇల్లినాయ్ ఉత్తర్వు మార్చి 21 సాయంత్రం 5 గంటలకు, న్యూయార్క్‌ది మార్చి 22 రాత్రి 8 గంటలకు, ఒహాయోది మార్చి 23 రాత్రి 11:59కి మొదలైంది. ఒక్క నిమిషం కోసం మార్చి 23 అంతా ఒహాయో ఉత్తర్వు కింద ఉన్నట్టు చూపించడం సబబు కాదు. నేను పాటించే నియమం సులువైనది: స్థానిక కాలం ప్రకారం మధ్యాహ్నం 12 గంటలకు ఉత్తర్వు అమల్లో ఉంటే ఆ రోజు లెక్కలోకి వస్తుంది, లేకపోతే రాదు. ఈ లెక్కన ఇల్లినాయ్ 22 నుంచి, న్యూయార్క్ 23 నుంచి, ఒహాయో 24 నుంచి, బే ఏరియా 17 నుంచి మొదలవుతాయి. మీరు మరో నియమం పెట్టుకోవచ్చు. పెట్టుకున్నది అన్ని ఉత్తర్వులకూ ఒకేలా వర్తింపజేసి, మ్యాపు కింద ఒక వాక్యంలో రాయండి. గంటను ఎక్కడా పారేయవద్దు, అది అసలు కాలమ్‌లో అలాగే ఉండాలి.

7. ఉత్తర్వుల పట్టిక నుంచి రోజుల పట్టిక

ఇప్పుడు ప్రతి కౌంటీకి, ప్రతి రోజుకు ఒక వరుస వచ్చేలా రెండో పట్టికను తయారుచేయండి. ఆ రోజు మధ్యాహ్నం ఆ కౌంటీకి వర్తించిన ఉత్తర్వులన్నీ తీసుకుని, వాటిలో కట్టుదిట్టమైనదాన్ని ఫలితంగా రాయండి, పక్కన అది ఏ స్థాయి ఉత్తర్వో రాయండి. ఈ పట్టికలో చేత్తో ఏదీ మార్చవద్దు. తప్పు కనిపిస్తే మొదటి పట్టికకు వెళ్లి అక్కడ సరిచేసి, దీన్ని మళ్లీ పుట్టించండి.

ఇందులో ఒక మెలిక ఉంది. కొన్ని రాష్ట్ర ఉత్తర్వులు స్థానిక ఉత్తర్వులను రద్దుచేశాయి. జార్జియా గవర్నర్ ఉత్తర్వు రాగానే దానితో పొసగని స్థానిక నిబంధనలు చెల్లకుండా పోయాయి. టైబీ ఐలాండ్ నగరం మూసిన బీచ్‌లు ఆ విధంగానే తెరుచుకున్నాయి. అటువంటిచోట కట్టుదిట్టమైనది గెలుస్తుందన్న సూత్రం పనిచేయదు. స్థానిక ఉత్తర్వుకు నిజమైన ముగింపు తేదీగా రాష్ట్ర ఉత్తర్వు మొదలైన తేదీని రాసి, ముగిసిన తీరు రద్దు అని నమోదు చేయండి.

విస్కాన్సిన్‌లో దీనికి భిన్నంగా జరిగింది. 2020 మే 13న ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు రాష్ట్ర ఉత్తర్వును కొట్టివేసింది, ఆ వెంటనే డేన్ కౌంటీ వంటివి సొంత ఉత్తర్వులు ఇచ్చుకున్నాయి, కెనోషా కౌంటీ ఇచ్చినట్టే ఇచ్చి త్వరలోనే వెనక్కి తీసుకుంది. రాష్ట్ర ఉత్తర్వు పాఠంలో ఉన్న ముగింపు తేదీని నమ్మినవారి మ్యాపులో విస్కాన్సిన్ మే చివరి దాకా రంగులోనే ఉండిపోతుంది.

8. పట్టికను మ్యాపుతో కలపడం

కౌంటీ కోడ్ ఐదు అంకెలది, మొదటి రెండు రాష్ట్రానివి. దాన్ని సంఖ్యగా కాక అక్షరాలుగా ఉంచాలి. స్ప్రెడ్‌షీట్ తెరవగానే 06085 కాస్తా 6085 అవుతుంది, సరిహద్దుల ఫైలులోని 06085తో అది కలవదు. నేను మొదటిసారి చేసిన మ్యాపులో కాలిఫోర్నియా మొత్తం ఖాళీగా వచ్చింది, ఉత్తర్వు మొదట ఇచ్చిన రాష్ట్రమే లేకుండా పోయిందని గమనించకుండా దాన్ని ఒకరికి పంపించాను కూడా. ఇది గుర్తుపట్టడం సులువు: అలబామా, అలాస్కా, అరిజోనా, ఆర్కన్సా, కాలిఫోర్నియా, కొలరాడో, కనెక్టికట్, ఈ ఏడు రాష్ట్రాలు కలిసికట్టుగా ఖాళీగా వస్తే సున్నా పోయిందని అర్థం. 2019 ఫైలులో వాటి కౌంటీలు 316. కనెక్టికట్ ఒక్కటే ఖాళీగా వస్తే 2వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

క్యూజీఐఎస్‌లో పట్టికను డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్‌గా తెరవండి, కాలమ్ రకాలను దానంతట అదే పసిగట్టే ఎంపికను తీసేయండి. అప్పుడు సున్నాలు నిలుస్తాయి. అప్పటికే పోయి ఉంటే ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఎడమ పక్క సున్నా చేర్చి ఐదు అంకెలు చేయవచ్చు. ఆ తర్వాత సరిహద్దుల పొర ప్రాపర్టీస్‌లో జాయిన్స్‌కు వెళ్లి, జియోఐడీ కాలమ్‌తో మీ కోడ్‌ను కలపండి. ఒక్క రోజు మ్యాపుకు ఆ రోజు వరుసలనే కలపాలి. అన్ని రోజుల వరుసలూ ఒకేసారి జాయిన్ చేస్తే కౌంటీకి ఒక వరుస మాత్రమే అంటుకుని, మిగిలినవి చప్పుడు చేయకుండా పోతాయి.

9. రంగులు

తప్పనిసరికి ముదురు, కొన్ని వర్గాలకే అన్నదానికి మధ్యస్థం, సలహాకు లేత, అన్నీ ఒకే వర్ణంలో వేయండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు, రంగులు సరిగా కనిపించనివారు చాలామంది ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యమైనది తెలుపు. వెతికాం, ఉత్తర్వు లేదు అన్నది వేరు, ఇంకా వెతకలేదు అన్నది వేరు. నెబ్రాస్కా, సౌత్ డకోటా వంటి రాష్ట్రాలకు రాష్ట్రవ్యాప్త ఉత్తర్వు లేదు కనుక అక్కడి కౌంటీలను చూడకుండానే తెల్లగా వదిలేస్తారు. చూడనివాటిని బూడిద రంగు గీతలతో నింపండి. మ్యాపులో బూడిద రంగు ఎక్కువగా ఉంటే సిగ్గుపడనక్కరలేదు.

ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా మార్చే పద్ధతి) విషయంలో చర్చ అనవసరం: ఆల్బర్స్ సమవైశాల్య ప్రొజెక్షన్ వాడండి, క్యూజీఐఎస్‌లో దాని నంబరు 5070. బే ఏరియాకు, న్యూయార్క్ నగరానికి, వర్జీనియా నగరాలకు పక్కన పెద్దది చేసిన చిన్న మ్యాపులు పెట్టండి. శాన్ బెర్నార్డినో కౌంటీ ముందు శాన్ ఫ్రాన్సిస్కో కంటికే ఆనదు.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మొదట వరుసల సంఖ్య చూడండి. 2019 ఫైలులో 50 రాష్ట్రాలు, డీసీ మాత్రమే తీసుకుని, మార్చి 1 నుంచి మే 31 వరకు 92 రోజులకు పట్టిక చేస్తే సరిగ్గా 2,89,064 వరుసలు రావాలి. ఒక్కటి తక్కువైనా, ఎక్కువైనా ముందుకు పోవద్దు. ఎక్కువైతే ఒకే కౌంటీ రెండుసార్లు వచ్చిందని, తక్కువైతే ఏదో కోడ్ కలవలేదని అర్థం.

తర్వాత పెన్సిల్వేనియా. అక్కడ గవర్నర్ ఉత్తర్వు కౌంటీలను విడతలుగా చేర్చుకుంటూ వచ్చింది కనుక పరీక్షకు ఇంతకన్నా మంచి రాష్ట్రం లేదు. మార్చి 23 రాత్రి 8 గంటలకు అలెఘేనీ, బక్స్, చెస్టర్, డెలావేర్, మన్రో, మాంట్‌గోమరీ, ఫిలడెల్ఫియా కౌంటీలతో మొదలైంది. మరుసటి రాత్రి ఈరీ, ఆ మరుసటి రాత్రి లీహై, నార్తాంప్టన్ చేరాయి. ఏప్రిల్ 1 రాత్రి 8 గంటలకు 67 కౌంటీలూ వచ్చేశాయి. మధ్యాహ్నం నియమం పాటించి, రాష్ట్ర ఉత్తర్వుల వరకే లెక్కిస్తే మార్చి 24న 7, 25న 8, 26న 10, ఏప్రిల్ 2న 67 రావాలి. స్థానిక ఉత్తర్వులు కూడా కలిపితే ఫిలడెల్ఫియా ఒక రోజు ముందే, అంటే 23 నుంచే, లెక్కలోకి రావాలి, నగరం సొంత ఉత్తర్వు 23 ఉదయం 8 గంటలకే మొదలైంది.

మూడోది, సీడీసీతో పోలిక. వారు 2020 సెప్టెంబరులో ప్రచురించిన లెక్క ప్రకారం మార్చి 1 నుంచి మే 31 వరకు 42 రాష్ట్రాలు, టెరిటరీలు తప్పనిసరి ఉత్తర్వులు ఇచ్చాయి, 3,233 కౌంటీల్లో 2,355 వాటి కిందికి వచ్చాయి. మీ పట్టికలో రాష్ట్ర, టెరిటరీ స్థాయి తప్పనిసరి ఉత్తర్వులను మాత్రమే వడకట్టి ఇదే సంఖ్య వస్తుందేమో చూడండి. తేడా వస్తే దాదాపుగా 1వ మెట్టులోని నిర్వచనం దగ్గరే ఉంటుంది, ఏ రాష్ట్రం దగ్గర విడిపోయారో వెతికి గమనికలో రాయండి. స్థానిక ఉత్తర్వులు కలిపాక మీ సంఖ్య వారి సంఖ్యకన్నా పెరగాలి. పెరగకపోతే మీరు స్థానిక ఉత్తర్వులు కలపలేదన్నమాట.

చివరగా, ఏవైనా 30 వరుసలను యాదృచ్ఛికంగా తీసి, పట్టిక తయారుచేయని ఒక మిత్రునికి ఇచ్చి, ఆర్కైవ్ లింకు తెరిచి తేదీ, గంట, పరిధి తనే రాసుకోమనండి. మీ జవాబులు ముందుగా చూపించవద్దు. రెండు మూడు వరుసల్లో తేడా వస్తే ఆ వరుసలను మాత్రమే కాక, అదే రాష్ట్రంలో మీరు అదే రోజు నమోదు చేసిన వరుసలన్నిటినీ మళ్లీ చదవండి, ఎందుకంటే తప్పులు సాధారణంగా అలసిపోయిన సాయంత్రాల్లో గుంపులుగా పడతాయి.